పలాస వైపు చిన్న హెల్త్ ట్రస్టులో ఇంటర్న్‌షిప్, వెళ్ళొచ్చా?

సముద్రం పక్క:

అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను, మెడికల్ అండ్ సైకియాట్రిక్ తీసుకున్నాను. ఈసారి బ్లాక్ ప్లేస్‌మెంట్ (కోర్సులో భాగంగా ఒకే సంస్థలో వరసగా చేసే ఇంటర్న్‌షిప్) ఎక్కడ చేసుకుంటారో మీరే వెతుక్కోండి అన్నారు. నాకు రెండు దొరికాయి. ఒకటి ఇక్కడే సిటీలో ఒక కార్పొరేట్ హాస్పిటల్, పేషెంట్ కేర్ డిపార్ట్‌మెంట్. కొద్దిగా స్టైపెండ్ ఇస్తారు, ఏసీలో కూర్చోవచ్చు, ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు. రెండోది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ పేషెంట్ల కోసం పనిచేసే ఒక చిన్న ట్రస్టు. మొత్తం ఆరుగురో ఏడుగురో ఉంటారట, పలాస దగ్గర అద్దె ఇంట్లో ఆఫీసు. స్టైపెండ్ లేదు. ఏం పని ఉంటుంది అని అడిగితే "అన్నీ ఉంటాయమ్మా, వచ్చాక చూద్దాం" అన్నారు. ఆ మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది.

మా సీనియర్ని అడిగితే "ఎక్సెల్‌లో పేర్లు ఎక్కించడం, క్యాంపుల్లో ఫ్లెక్సీ పక్కన నిలబడి ఫొటో దిగడం, అంతకన్నా ఏం ఉండదు" అంది. నాన్నకి అసలు ఇష్టం లేదు, ఆడపిల్ల ఒక్కతే అంత దూరం, అదీ రూపాయి రాని పనికి ఎందుకు అంటున్నారు. నాకేమో ఉద్దానం గురించి చిన్నప్పటి నుంచి పేపర్లో చదవడమే కానీ ఒక్కసారి కూడా చూడలేదు, వెళ్ళాలని గట్టిగా ఉంది. అలాగని అక్కడికి వెళ్ళి టీ కప్పులు అందించి రావాలని మాత్రం లేదు. చిన్న సంస్థల్లో చేసినవాళ్ళు ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్. ఒప్పుకునే ముందు వాళ్ళని ఏం అడగాలి?

సూటిగా చెప్తా:

జీతం లేని పని అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. సేవ అనే మాట అడ్డం పెట్టుకుని చదువుకున్న పిల్లలతో ఊరికే పని చేయించుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఇలాంటివి ఇంట్లో కాస్త జరుగుబాటు ఉన్నవాళ్ళకే కుదురుతాయి, ట్యూషన్లు చెప్పుకుని హాస్టల్ ఫీజు కట్టుకునే పిల్లకి ఎలా కుదురుతుంది? స్టైపెండ్ ఇవ్వలేరా, సరే. ఉండటానికి గది, తిండి, ఫీల్డ్‌కి తిరిగే ఆటో ఖర్చులైనా వాళ్ళే పెట్టుకోవాలి. అది కూడా నోటిమాట కాదు, కాగితం మీద రాసివ్వాలి.

ఇంకోటి. ఈ మధ్య వాట్సాప్‌లో లింకు పంపి, ఇంత మొత్తం విరాళాలు పోగుచేస్తేనే సర్టిఫికెట్ అనే బాపతు "ఇంటర్న్‌షిప్"లు ఎక్కువయ్యాయి. మన చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర మన చేత చెయ్యి చాపించడం తప్ప అక్కడ వేరే పని ఉండదు. అలాంటి మాట ఒక్కటి వినపడినా ఫోన్ పెట్టేయండి.

పాత రిజిస్టర్:

మీ సీనియర్ చెప్పినదాంట్లో సగం నిజముంది. పేర్లు ఎక్కించడం ఉంటుంది, తప్పదు. ఆ పేర్లతో తర్వాత ఏం చేస్తున్నారన్నదే చూసుకోవాలి. నేను ఇదే జిల్లాలో ఇలాంటి చిన్న సంస్థలోనే కొన్నేళ్ళు ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు ఉద్దానం సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఈ చుట్టుపక్కల షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి, అందులో పొలం పనులు, కూలి పనులు చేసుకునేవాళ్ళే ఎక్కువ. దేనివల్ల అన్నది ఇప్పటికీ తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో సరిగా నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు, నొప్పుల మాత్రలు అన్నారు, వంశంలోనే ఉందన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ప్రారంభించారు, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. ఇదంతా ఎందుకంటే, మీరు ఊళ్ళోకి వెళ్ళిన మొదటి రోజే ఎవరో ఒకరు "ఇది దేనివల్ల వస్తాందమ్మా?" అని అడగడం ఖాయం. ఇంకా తేలలేదని చెప్పడం అలవాటు చేసుకోండి. పురుగుమందులే అయ్యుంటాయి అని మీరు ఊరికే ఒక మాట అన్నా సాయంత్రానికి ఊరంతా "ట్రస్టు మేడమ్ చెప్పింది" అయిపోతుంది.

అంత పెద్ద ఆస్పత్రి ఉండగా ఈ చిన్న ట్రస్టులకి పనేముంది అంటారా? ఆస్పత్రి మెట్లెక్కని మనిషి దగ్గర ఉంది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) ఒకసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని తేల్చేయరు. దాన్ని బట్టి కట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క) 60 కంటే తక్కువగా ఉండి, అది మూడు నెలలు దాటినా అలాగే ఉంటే అప్పుడు అంటారు. అంటే రెండో పరీక్ష చేయకపోతే మొదటిదానికి పెట్టిన ఖర్చంతా దండగ. క్యాంపు పెట్టడం తేలిక, షామియానా, నాలుగు కుర్చీలు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉంటే అయిపోతుంది, పేపర్లో ఫొటో కూడా వస్తుంది. మూడు నెలలయ్యాక అదే మనిషిని మళ్ళీ పట్టుకోవడం దగ్గర తెలుస్తుంది ఎవరి పనితనం ఏంటో. అప్పటికి అతను తాపీ పనికి చెన్నై వెళ్ళిపోయి ఉంటాడు, లేదంటే చేపల వేటకి గుజరాత్‌లో వెరావల్ బోటెక్కి ఉంటాడు. రాసిచ్చిన ఫోన్ నంబరు మేనల్లుడిదై ఉంటుంది, ఆ మేనల్లుడు సిమ్ మార్చేసి ఉంటాడు. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో ఒకే పేరున్నవాళ్ళు ముగ్గురు తగులుతారు, తండ్రి పేరు రాసుకోకపోతే ఎవరి రిపోర్టు ఎవరిదో దేవుడికే తెలియాలి.

మా ఆఫీసులో రిజిస్టర్ పేజీకి చివర ఎర్ర ఇంకు గీతలతో ఒక గడి ఉండేది, "తిరిగి చూసిన తేదీ" అని. పేజీలకి పేజీలు ఆ గడి ఖాళీ. మా దగ్గరికి వచ్చిన ఒక ఇంటర్న్ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ఆశా కార్యకర్తల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, ఇంటి గుర్తు (రామాలయం వెనక రేకుల ఇల్లు, అలా), మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు, ఊరికి మళ్ళీ ఎప్పుడొస్తాడు, ఇవన్నీ పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది. సంక్రాంతికి వస్తామన్నవాళ్ళే ఎక్కువమంది తేలారు. దాంతో పండగ వారంలోనే ఊరూరా తిరిగి రెండో శాంపిళ్ళు తీశాం, కనుమ మర్నాడు కూడా. అంతకుముందు మా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎన్నేళ్ళుగానో "వలస వల్ల సాధ్యపడలేదు" అని రాసుకుంటూ వచ్చిన పని అది. డాక్టరుకి ఆ తీరిక ఉండదు, టెక్నీషియన్‌కి అది తన పని అనిపించదు. మీ చదువు పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

కాబట్టి ఒకటే ప్రశ్న అడగండి: పోయినేడు పరీక్షలు చేసినవాళ్ళలో ఎంతమందిని రెండోసారి చూశారు? లెక్క తక్కువగా ఉన్నా ఫరవాలేదు, అసలు ఆ లెక్క వాళ్ళ దగ్గర ఉందా లేదా చూడండి. దానికి బదులు ఎన్ని క్యాంపులు పెట్టారో చెప్పుకుంటూ పోతే మీ సీనియరే కరెక్టు, హాస్పిటల్‌కి వెళ్ళిపోండి.

"అన్నీ ఉంటాయి" అన్నందుకు మాత్రం కంగారు పడకండి, చిన్న చోట అది నిజమే. పొద్దున్న ఫోన్లు చేస్తారు, మధ్యాహ్నం ఒక పేషెంటుతో ఊరి సచివాలయానికి వెళ్తారు (డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళకి నెలకి 10,000 పింఛను ఉంది, కానీ ఆ కాగితాలు ఆస్పత్రికీ సచివాలయానికీ మధ్య తిరుగుతూ ఉంటాయి), సాయంత్రం కిట్ల పెట్టెలు లెక్కపెడతారు. కానీ ఇవన్నీ చేస్తూనే ఒక పని పూర్తిగా మీ పేరు మీద ఇవ్వమని ముందే అడగండి, రెండు మండలాల ఫాలో అప్ లాంటిది. లేకపోతే అందరికీ అసిస్టెంట్‌గా మిగిలిపోతారు, చివర్లో రిపోర్టులో ఏం రాయాలో తోచదు.

లెక్కల పుస్తకం:

స్టైపెండ్ ఎందుకు ఇవ్వరో ఆ వైపు నుంచి కూడా చెప్తాను, సమర్థించడానికి కాదు. నేను ఇలాంటి రెండు మూడు ట్రస్టులకి అకౌంట్లు చూస్తుంటాను. దాతలకి పరీక్షల కిట్లు కావాలి, అంబులెన్స్ కావాలి, దాని మీద తమ కంపెనీ పేరు కావాలి. మనిషికి జీతం అంటే ముఖం చిట్లిస్తారు. కిట్లకి డబ్బు మిగిలిపోతుంది, ఆ కిట్లు పట్టుకుని ఊరికెళ్ళే మనిషికి పెట్రోలు డబ్బులుండవు, ఇది నేను ప్రతి మార్చిలో చూస్తూనే ఉన్నాను. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలైతే 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరణ తర్వాత ఆ విరాళాల్లోంచి పెట్టే ఆఫీసు ఖర్చులు 50 శాతం నుంచి 20 శాతానికి కుదించుకోవాల్సి వచ్చింది, పైగా ఒక సంస్థకి వచ్చిన విదేశీ నిధులు ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా ఆపేశారు. పెద్దవాళ్ళ దగ్గర తీసుకుని బతికే చిన్న ట్రస్టులకి అక్కడే గట్టి దెబ్బ తగిలింది. కంపెనీల సీఎస్ఆర్ డబ్బు (లాభాల్లోంచి సమాజ సేవకి పెట్టేది) రావాలంటే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, అది తెచ్చుకున్నా ఏడాదికోసారి వాళ్ళ గడప తొక్కాలి.

మీరు చూసుకోవాల్సింది: స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ వాళ్ళ దర్పణ్ పోర్టల్‌లో పేరు ఉందా, ఆదాయపన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (12ఏ, 80జీ అంటారు) ఉన్నాయా, పోయినేడు ఆడిట్ రిపోర్టు అడిగితే చూపిస్తారా. ఉద్యోగం కూడా కాని దానికి ఇంత దేనికి అనుకోవద్దు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది వాళ్ళే కదా. ఇంటర్న్ ఆడిట్ రిపోర్టు అడిగితే నవ్వుతూ చూపించే సెక్రటరీలూ ఉన్నారు, నువ్వెవరమ్మా అడగడానికి అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఒక్క జవాబుతోనే చాలా అర్థమైపోతుంది.

డయాలసిస్ సిస్టర్:

నేను ఈ ట్రస్టుల్లో చేయలేదు, డయాలసిస్ యూనిట్లో స్టాఫ్ నర్సుని. ఇంటింటికీ వెళ్ళే పిల్లలకి ఎవరూ చెప్పని రెండు సంగతులు చెప్తాను.

ఫిస్టులా (డయాలసిస్ సూదులు పెట్టడానికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయకూడదు. మోచేతి దగ్గరో మణికట్టు దగ్గరో ఉబ్బుగా ఉంటుంది, వేలు పెడితే జుమ్ముమని తెలుస్తుంది. మొహమాటపడి పేషెంటు చెప్పడు, మీరే అడిగి రెండో చెయ్యి తీసుకోండి. ఆ ఫిస్టులా పోతే ఆ మనిషికి మళ్ళీ ఆపరేషను.

రెండోది కొబ్బరి నీళ్ళు. ఉద్దానంలో ఎవరి ఇంటికి వెళ్ళినా బోండాం కొడతారు, మీకు కొట్టి పేషెంటుకీ ఒకటి కొడతారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి అందులో పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. పుట్టినప్పటి నుంచి కొబ్బరి తోటలో బతికిన మనిషికి అది వద్దని చెప్పడం ఎంత కష్టమో మీరే చూస్తారు. అలాగని అందరికీ వద్దని చెప్పేయకండి, ఎవరికి ఎంత అన్నది వాళ్ళ రిపోర్టు చూసి డాక్టరు చెప్పాలి. మీరు చేయాల్సిందల్లా "డాక్టరుగారు మీకు తాగొచ్చన్నారా?" అని అడగడం. ఒళ్ళు నొప్పులకి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఏ బిళ్ళలు తెచ్చుకుంటున్నారో కూడా అడిగి, ఆ స్ట్రిప్పు ఫొటో తీసి మీ డాక్టరుకి పంపండి. పేరు గుర్తుండదు, ఖాళీ స్ట్రిప్పు మాత్రం చూరులో ఉంటుంది.

కంచిలి కుర్రోడు:

మాది అక్కడే అక్కా. మా పెదనాన్న డయాలసిస్ మీదే పోయారు, మా వీధిలో ఇంకా ఇద్దరు వెళ్తున్నారు. చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ఊళ్ళకి రక్తం తీసేవాళ్ళు వచ్చీ వచ్చీ జనం విసిగిపోయారు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పెట్టెలు పట్టుకుని దిగుతారు, సూదులు గుచ్చి వెళ్ళిపోతారు, రిపోర్టు మళ్ళీ ఊరి మొహం చూడదు. "ఏటమ్మా, మళ్ళీ రగతమేటి? పోయినసారి తీసినోళ్ళు ఏటీ సెప్పనేదు" అని మా పెద్దమ్మ మొహం మీదే అనేస్తుంది, మీతోనూ అంటుంది. దానికి జవాబు మాటల్లో దొరకదు, రిపోర్టు కాగితం తెచ్చి చేతిలో పెట్టాలి, తెలుగులో రెండు ముక్కలు రాసి. అలా చేసిన ఒక్క సంస్థ వాళ్ళు వస్తే మాత్రం మా పెద్దమ్మే గడప దిగి ఎదురెళ్తుంది.

వీధిలో నిలబడి "మీకు క్రియాటినిన్ ఎంత?" అని గట్టిగా అడగొద్దు. మా వైపు పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఫలానా ఇంట్లో కిడ్నీ జబ్బుందట అనే మాట ఎంత దూరం పోతుందో మీకు తెలియదు. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళల్లో అసలు పరీక్షకే రానిది అందుకే. ఇంట్లోకి వెళ్ళి కూర్చుని అడగండి. ఫొటోలు కూడా, దయచేసి. పేషెంటు మంచం మీద పడుకుని ఉన్న ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి "సహాయం చేయండి" అని రాస్తారు, ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఆ ఫొటో చూసుకుంటాడు. అనుమతి తీసుకున్నాం అంటారు, ఎవరి దగ్గర? మందులిచ్చే చేతిని కాదనలేని మనిషి దగ్గర.

వలస గురించి పైన రాసింది కరెక్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాక ఇంకా ఎక్కువైంది, చెట్టు మళ్ళీ కాపుకొచ్చేదాకా ఏం తింటారు మరి. ఇచ్ఛాపురం వైపు కొన్ని ఊళ్ళల్లో ఇంట్లో ఒడియా మాట్లాడతారు, అక్కడికి వెళ్ళేటప్పుడు ఆ ఊరి ఆశా అక్కని వెంట తీసుకెళ్ళండి.

సముద్రం పక్క:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నిన్న ట్రస్టు ఆవిడకి మళ్ళీ ఫోన్ చేశాను. రెండోసారి చూసినవాళ్ళ లెక్క అడిగాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సగం మంది కూడా లేరమ్మా, మండలాల వారీగా కావాలంటే పంపిస్తాను, అందుకే కదా మనిషి కావాలంటున్నాం" అన్నారు. రాత్రికి షీటు వచ్చింది కూడా. వజ్రపుకొత్తూరు మండలం వరస చాలా వరకు ఖాళీగా ఉంది. అది నాకు ఇవ్వమని అడిగాను, సరే అన్నారు. ఆడిట్ రిపోర్టు అడిగితే నవ్వారు, పంపారు (నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు, లెక్కల పుస్తకం గారూ, మెసేజ్‌లో పెడతాను, కాస్త చూడండి). రిపోర్టులు మళ్ళీ ఇళ్ళకి ఇస్తారా అంటే కొన్నే ఇచ్చామని చెప్పారు, మిగతావి ఆఫీసులో అట్టపెట్టెలో ఉన్నాయట. కంచిలి తమ్ముడూ, మీ పెద్దమ్మ కాగితం కూడా ఆ పెట్టెలోనే ఉందేమో చూస్తాను.

గది కాశీబుగ్గలో, వాళ్ళ దగ్గర పనిచేసే ఒక రిటైర్డ్ ఏఎన్ఎం గారింటి పై పోర్షన్. నాన్న ఒకసారి వచ్చి చూస్తానన్నారు, పలాస ప్యాసింజర్‌కి ఇద్దరం వెళ్తున్నాం. ఆయన పూర్తిగా ఒప్పుకున్నట్టేం కాదు, ఏఎన్ఎం గారితో మాట్లాడాక చెప్తానన్నారు. హాస్పిటల్ వాళ్ళకి ఇంకా కాదని చెప్పలేదు, సోమవారం దాకా టైముంది.

పాత రిజిస్టర్:

వజ్రపుకొత్తూరు అంటే తీరం ఊళ్ళు కూడా తగులుతాయి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా సముద్రంలో వేట నిషేధం, ఆ రెండు నెలలు చాలామంది మగవాళ్ళు ఇంటి దగ్గరే ఉంటారు. మీ ప్లేస్‌మెంట్ తేదీలు అటు జరుపుకోవడానికి కాలేజీ ఒప్పుకుంటుందేమో అడిగి చూడండి.

సూటిగా చెప్తా:

అన్నీ చెప్పారు, కాగితం సంగతి చెప్పలేదు. రాసిచ్చారా లేదా?

సముద్రం పక్క:

ఇచ్చారండీ, లెటర్‌హెడ్ మీద. గది అద్దె, ఫీల్డ్ ఆటో ఖర్చు వాళ్ళదే అని ఉంది. భోజనం మాత్రం నాదే.

సూటిగా చెప్తా:

భోజనం కూడా అడగాల్సింది. ఇప్పటికైనా అడగండి.